చంద్రుడు కూడా పడుతూనే ఉన్నాడురా

ఒరేయ్,

మొన్న ఫోన్‌లో నువ్వు అన్న మాట ఇంకా నా బుర్రలో తిరుగుతూనే ఉంది. అంతరిక్ష కేంద్రంలో వ్యోమగాములు గాల్లో తేలుతున్న వీడియో చూసి మీ పాప "వాళ్ళు కింద ఎందుకు పడట్లేదు నాన్నా?" అని అడిగిందనీ, "అక్కడ గురుత్వాకర్షణ ఉండదమ్మా" అని నువ్వు చెప్పావనీ అన్నావు కదా. నువ్వు హడావిడిలో ఉన్నావని అప్పుడేమీ అనలేదు. కానీ ఆ సమాధానం తప్పురా. నేను కూడా చాలా ఏళ్ళు అదే నమ్మాను, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. పాప ఆ జవాబు గట్టిగా నమ్మేసే లోపే సరిచేయాలి.

ఆ అంతరిక్ష కేంద్రం ఎక్కడో చుక్కల మధ్య లేదు. నేల నుంచి సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో ఉంది, అంతే. భూమి వ్యాసార్థమే 6,371 కిలోమీటర్లు. దాని పక్కన 400 ఎంత? అంత ఎత్తున ఒక స్తంభం కట్టి, దాని మీద వెయింగ్ మెషిన్ పెట్టి నువ్వు నిలబడ్డావనుకో. ఇక్కడ 70 చూపించే ముల్లు అక్కడ 62 దగ్గర ఆగుతుంది. అంటే భూమి లాగుడులో నూటికి దాదాపు 90 వంతులు అక్కడ కూడా ఉన్నట్టే. ఆ స్తంభం మీద నుంచి కాలు జారితే నేరుగా కిందికే వస్తావు, తేలవు.

మరి వాళ్ళెందుకు తేలుతున్నారు? వాళ్ళు పడుతున్నారు కాబట్టి. వాళ్ళు, వాళ్ళ చుట్టూ ఉన్న గోడలు, వాళ్ళ చేతిలోని పెన్ను, వీడియో తీస్తున్న కెమెరా అన్నీ ఒకే తీరులో కలిసి పడుతున్నాయి. అన్నీ కలిసి పడుతుంటే ఒకదాని మీద ఇంకొకటి ఆనదు కదా. ఆనకపోతే బరువు తెలియదు.

దీన్ని నేను లిఫ్టులో చూశాను. ముల్లు ఉండే పాతకాలం వెయింగ్ మెషిన్ ఒకటి పట్టుకెళ్ళి, లిఫ్టులో పెట్టి దాని మీద నిలబడ్డాను. కదలకముందు సరిగ్గా 70. పైకి బయలుదేరిన ఆ ఒక్క క్షణం ముల్లు 76 దాకా ఎగిరి, లిఫ్టు ఒకే వేగం అందుకోగానే మళ్ళీ 70కి వచ్చి కుదురుకుంది. పైఅంతస్తు దగ్గరపడి నెమ్మదిస్తుంటే 65కి జారింది. కిందికి దిగేటప్పుడు ఇదంతా తలకిందులుగా జరిగింది. ఆ అర నిమిషంలో నా ఒంట్లో ఒక్క గ్రాము కూడా పెరగలేదు, తరగలేదు. పెరిగిందీ తరిగిందీ నా పాదాల కింద మెషిన్ నన్ను ఎంత గట్టిగా పైకి నెడుతోందన్నదే. లిఫ్టు తాడు తెగి నాతోపాటు పడిపోతే ముల్లు సున్నా దగ్గర ఆగేది. వ్యోమగామి ఉన్నది సరిగ్గా ఆ సున్నా స్థితిలోనే.

ఇక్కడే రెండు మాటలు విడదీసుకోవాలి. బళ్ళో చదువుకున్నవే, ద్రవ్యరాశి, భారం (అంటే బరువు). పరీక్షలో తేడాలు రెండు గడుల్లో రాసి మార్కులు తెచ్చుకున్నాం కానీ, ఆ తేడా ఎక్కడ ముఖ్యమో అప్పుడు మనకెవరూ చెప్పలేదు. ద్రవ్యరాశి నీ సొంతం. ఎక్కడికెళ్ళినా నీతోనే వస్తుంది. భారం నీ ఒక్కడిది కాదు, నీకూ నువ్వు నిలబడ్డ గోళానికీ మధ్య ఉన్న వ్యవహారం. 70 కిలోల మనిషిని భూమి సుమారు 686 న్యూటన్ల బలంతో లాగుతుంది. అదే మనిషిని చంద్రుడు 113 న్యూటన్లతోనే లాగుతాడు. మనం "నా బరువు 70 కిలోలు" అంటాం. నిజానికి ఆ కిలోలు ద్రవ్యరాశికి కొలత. భూమి మీద అందరం దాదాపు ఒకే లాగుడులో బతుకుతున్నాం కాబట్టి ఆ కలగాపులగం వల్ల మనకు నష్టమేమీ రావడం లేదు, అంతే.

రెండు పళ్ళేల త్రాసును చంద్రుడి మీదికి తీసుకెళ్తే అక్కడ కూడా 70 అనే చెబుతుంది, ఎందుకంటే అటూ ఇటూ రెండు పళ్ళేలనూ ఒకే గోళం లాగుతుంది. స్ప్రింగు త్రాసు మాత్రం పన్నెండుకు కాస్త తక్కువ చూపిస్తుంది. చంద్రుడి దాకా కూడా వెళ్ళక్కర్లేదు. ధ్రువం దగ్గర సరిచేసిన స్ప్రింగు మెషిన్‌ను భూమధ్యరేఖకు తెస్తే 70 కిలోల మనిషి 350 గ్రాముల పైన తగ్గినట్టు చూపిస్తుంది. భూమి తిరగడం, ఆ తిరుగుడు వల్ల నడుము దగ్గర ఉబ్బి ఉండడం, ఈ రెండూ దానికి కారణం. 1672లో జాన్ రిషే అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త భూమధ్యరేఖకు దగ్గర్లోని కయెన్‌కు వెళ్ళాడు. పారిస్‌లో సరిగ్గా నడిచిన లోలకం గడియారం అక్కడ రోజుకు రెండున్నర నిమిషాలు వెనకబడింది. లోలకాన్ని కాస్త పొట్టిగా చేస్తే గానీ టైమ్ సరిపోలేదు. లాగుడు తగ్గిన చోట లోలకం నెమ్మదిగా ఊగుతుంది కాబట్టి, బరువు అనేది చోటును బట్టి మారుతుందని ఒక గడియారం బయటపెట్టింది. నాకీ సంగతి ఎంత ఇష్టమో చెప్పలేను.

బరువు తెలియకపోయినా ద్రవ్యరాశి పోదని వ్యోమగాములకు చేతులతో తెలుసు. వంద కిలోల పెట్టె వాళ్ళ ముందు ఈకలా తేలుతుంటుంది, కానీ దాన్ని కదిలించాలంటే గట్టిగా తోయాలి, కదిలాక ఆపాలన్నా అంతే గట్టిగా అడ్డం పడాలి. చేతికీ గోడకీ మధ్య ఇరుక్కుంటే వేళ్ళు నలిగిపోతాయి. ఆ మొండితనమే ద్రవ్యరాశి. మరి అక్కడ ఒళ్ళు ఎలా తూచుకుంటారంటావా? స్ప్రింగు బిగించిన కుర్చీలో కూర్చుని ముందుకీ వెనక్కీ ఊగుతారు. ఒళ్ళు ఎక్కువ ఉంటే ఊగు నెమ్మదిగా ఉంటుంది. 1973లో స్కైలాబ్ అనే అమెరికా అంతరిక్ష కేంద్రంలోనే ఆ ఏర్పాటు ఉంది.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నదానికి వస్తాను. బరువు ఎందుకుంది అనే ప్రశ్న, సూర్యుడి చుట్టూ ఏది తిరుగుతోంది అనే ప్రశ్న మనకు వేర్వేరు పాఠాల్లో చెప్పారు. చరిత్ర చదువుతుంటే అవి రెండూ మొదటి నుంచీ ఒకటే ప్రశ్న అని నాకు అర్థమైంది.

అరిస్టాటిల్‌నే తీసుకో. రాయి ఎందుకు కింద పడుతుందంటే, బరువున్న వస్తువు విశ్వం మధ్యకు చేరాలని చూస్తుంది, అది దాని స్వభావం అన్నాడు. బరువైన మట్టీ రాయీ అంతా మధ్యకు చేరి ముద్దయితే అదే భూమి. కాబట్టి భూమి మధ్యలో ఉంది, కదలదు. చూడు, ఎంత పొందికగా ఉందో! ఒకే మాటతో రాయి పడడానికీ భూమి మధ్యలో ఉండడానికీ జవాబు దొరికింది. ఆ రోజుల్లో జనం మూఢంగా నమ్మారని ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే నాకు బాధగా ఉంటుంది. వాళ్ళ దగ్గర గట్టి కారణాలున్నాయి. పైకి విసిరిన రాయి తిరిగి చేతిలోనే పడుతోంది. భూమి పరుగెత్తుతుంటే గాలి మొహానికి కొట్టాలి, కొట్టడం లేదు. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంటే ఆరు నెలల తేడాతో చుక్కలు కాస్తయినా పక్కకు జరిగినట్టు కనబడాలి, కనబడడం లేదు.

క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలోనే అరిస్టార్కస్ అనే గ్రీకు ఖగోళవేత్త సూర్యుణ్ణి మధ్యలో పెట్టాడు. చుక్కలు ఎందుకు జరగడం లేదంటే అవి ఊహకు అందనంత దూరంలో ఉండాలి మరి. అది నిజమే, కానీ నిరూపించడానికి 1838 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడు బెస్సెల్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఒక నక్షత్రం జరుగుడును కొలిచాడు. అది ఒక డిగ్రీలో పదివేల వంతు కన్నా తక్కువ. కంటితో చూసి పట్టుకోలేదని పాతవాళ్ళను ఎలా తప్పు పడతాం?

క్రీ.శ. 150 ప్రాంతంలో టాలెమీ అనే ఖగోళవేత్త భూమిని మధ్యలో పెట్టి కట్టిన నమూనా పద్నాలుగు వందల ఏళ్ళు నిలిచింది. దాని ముందున్న పెద్ద చిక్కు కుజుడు. సుమారు 26 నెలలకొకసారి కుజుడు చుక్కల మధ్య నడుస్తూ నడుస్తూ ఆగి, కొన్ని వారాలు వెనక్కి నడిచి, మళ్ళీ ముందుకు సాగుతాడు. గ్రహం వక్రించింది అంటారే, అదే. టాలెమీ ప్రతి గ్రహాన్నీ ఒక చిన్న వలయం మీద తిప్పి, ఆ వలయాన్ని భూమి చుట్టూ ఒక పెద్ద వలయం మీద తిప్పాడు. లెక్క బాగానే కుదిరింది. నిజమేమిటంటే మనమే లోపలి దారిలో వేగంగా వెళ్తూ కుజుణ్ణి దాటిపోతాం. పక్క బస్సును దాటేటప్పుడు అది వెనక్కి పోతున్నట్టు అనిపిస్తుందే, అలాగన్నమాట.

ఇలాంటి పోలికే ఆర్యభటుడు 499లో వాడాడు. పడవలో ముందుకు పోయేవాడికి ఒడ్డున కదలని చెట్లూ కొండలూ వెనక్కి పోతున్నట్టు కనిపిస్తాయి, అలాగే కదలని చుక్కలు పడమటికి పోతున్నట్టు కనిపిస్తాయి అన్నాడు. అంటే భూమే తన చుట్టూ తాను తిరుగుతోందని. చుక్కలను బట్టి భూమి ఒక్క చుట్టు తిరిగే కాలం ఆయన లెక్క ప్రకారం 23 గంటల 56 నిమిషాల 4.1 సెకన్లు. ఇవాళ్టి కొలతతో పోలిస్తే సెకనులో పదో వంతు తేడా కూడా లేదు. అయితే గ్రహాల విషయంలో ఆయన కూడా భూమినే మధ్యలో ఉంచాడు, అది దాచకూడదు. అలాగే 1150లో భాస్కరాచార్యుడు భూమికి ఆకర్షించే శక్తి ఉందనీ, ఆకాశంలోని బరువైన వస్తువును అది తనవైపు లాగుకుంటుందనీ రాశాడు. నిజంగా గొప్ప మాట. కానీ ఆ శక్తి దూరం పెరిగితే ఎంత తగ్గుతుంది, చంద్రుడి దాకా పోతుందా అన్న లెక్క అందులో లేదు. వాళ్ళు చెప్పినదానికి వాళ్ళను మెచ్చుకుంటే చాలు, చెప్పనిది కూడా అంటగట్టక్కర్లేదు.

1543లో కోపర్నికస్ పుస్తకం వచ్చింది. సూర్యుడు మధ్యలోకి వచ్చాడు, భూమి మిగతా గ్రహాల వరసలో చేరింది. ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. భూమిని మధ్య నుంచి జరపగానే రాయి ఎందుకు పడుతుందో చెప్పే పాత జవాబు కూలిపోయింది. రాయి విశ్వం మధ్యకు పోవాలనుకుంటే ఇప్పుడు సూర్యుడి వైపు ఎగరాలి కదా? ప్రతి గోళం భాగాలకూ కలిసి ముద్దగా ఉండాలనే స్వభావం ఉంటుందని కోపర్నికస్ ఏదో సర్దిచెప్పాడు కానీ, దానితో ఏ లెక్కా చేయలేం. పైగా ఆయన కూడా గుండ్రటి దారులే నమ్మి మళ్ళీ చిన్న వలయాలు తెచ్చుకున్నాడు. 1543 నుంచి 1687 దాకా, 144 ఏళ్ళు, మనిషికి బరువు ఎందుకుందో సరైన సమాధానం లేదు. నాకు ఈ కథలో అన్నిటికన్నా పట్టుకునేది ఆ మధ్యకాలమే.

ఆ కాలంలోనే టైకో బ్రాహీ అనే ఖగోళవేత్త ఉన్నాడు. దూరదర్శిని పుట్టకముందు, కేవలం కంటితో, కోణాలు కొలిచే పెద్ద పెద్ద పరికరాలతో ఇరవై ఏళ్ళు గ్రహాల చోట్లు రాసి పెట్టాడు. ఆయన నమూనాలో గ్రహాలన్నీ సూర్యుడి చుట్టూ తిరుగుతాయి, సూర్యుడు మాత్రం భూమి చుట్టూ తిరుగుతాడు. 1601లో ఆయన పోయాక ఆ కొలతలు కెప్లర్ చేతికొచ్చాయి. కెప్లర్ కుజుడి దారిని గుండ్రంగా పెట్టి ఏళ్ళ తరబడి లెక్క కట్టాడు. దాదాపు అంతా కుదిరింది. కొన్ని చోట్ల మాత్రం 8 నిమిషాల కోణం తేడా వచ్చింది (ఇక్కడ నిమిషం అంటే డిగ్రీని 60 భాగాలు చేస్తే వచ్చే ఒక భాగం). నిండు చంద్రుడి వెడల్పులో నాలుగో వంతు, అంతే. ఇంకెవరైనా అయితే కొలతలో పొరపాటనుకుని వదిలేసేవారు. టైకో కొలిస్తే అంత తప్పు రాదని కెప్లర్‌కు నమ్మకం. అందుకే తన లెక్కనే పక్కన పడేశాడు. ఆ ఎనిమిది నిమిషాలే ఖగోళశాస్త్రం మొత్తాన్ని మార్చే దారి చూపాయని తర్వాత ఆయనే రాశాడు. వేరొకరి కొలత మీద గౌరవంతో తన ఏళ్ళ కష్టాన్ని వదులుకోవడం తలుచుకుంటే నాకు ఒళ్ళు పులకరిస్తుందిరా. 1609లో కుజుడి దారి గుండ్రం కాదు, దీర్ఘవృత్తం, అంటే కాస్త సాగిన వలయం అని బయటికొచ్చింది.

పదేళ్ళకు, 1619లో, ఆయన ఇంకో సూత్రం ప్రకటించాడు. ఇది నువ్వు ఫోన్‌లోని కాలిక్యులేటర్‌తో ఇప్పుడే చూసుకోవచ్చు. భూమికి సూర్యుడి చుట్టూ ఒక చుట్టుకు ఒక ఏడు, సూర్యుడి నుంచి దాని దూరం 1 అనుకో. కుజుడికి సూర్యుడి చుట్టూ ఒక చుట్టుకు 1.88 ఏళ్ళు, దూరం 1.524. కాలాన్ని కాలంతోనే గుణించు, 3.53. దూరం ఇంటూ దూరం ఇంటూ దూరం చెయ్యి, 3.54. బృహస్పతికి 11.86 ఏళ్ళు, 5.2 దూరం. అదే పని చెయ్యి, రెండూ 140.6 దగ్గరికి వస్తాయి. నేను మొదటిసారి చేసి చూసినప్పుడు కాసేపు అలా అంకెల వంకే చూస్తూ ఉండిపోయాను.

గెలీలియో గురించి నీకు తెలిసిందే ఎక్కువ, కాబట్టి పొడిగించను. 1610 జనవరిలో బృహస్పతి చుట్టూ తిరిగే చంద్రుళ్ళను చూశాడు, ఆ ఏడు చివర్లో శుక్రుడికి కూడా చంద్రుడిలాగే కళలున్నాయని చూశాడు. శుక్రుడు అన్ని కళలూ చూపాలంటే సూర్యుడి చుట్టూ తిరగాల్సిందే. కానీ మన కథకు అంతకన్నా పనికొచ్చేది ఆయన వాలుబల్ల మీద దొర్లించిన గోళీలు. బరువైనా తేలికైనా, గాలి అడ్డు లేకపోతే, ఒకేలా పడతాయని తేలింది. 1971లో డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద నిలబడి ఒక చేత్తో సుత్తి, ఇంకో చేత్తో డేగ ఈక వదిలితే రెండూ ఒకేసారి నేలకు తగిలాయి. సుత్తికి లాగుడు ఎక్కువే, కానీ కదలడానికి మొండితనం కూడా సరిగ్గా అంతే ఎక్కువ. రెండూ చెల్లుకు చెల్లు.

ఇక న్యూటన్. చెట్టు నుంచి పండును లాగే బలం చంద్రుడి దాకా పోతుందా అన్నది ఆయన ప్రశ్న. చంద్రుడు భూమి కేంద్రం నుంచి సుమారు 60 భూవ్యాసార్థాల దూరంలో ఉన్నాడు. దూరం వర్గాన్ని బట్టి బలం తగ్గేటట్టయితే అక్కడ అది 60 ఇంటూ 60, అంటే 3,600 వంతుల్లో ఒక వంతు ఉండాలి. ఇక్కడ వదిలిన రాయి మొదటి సెకనులో 4.9 మీటర్లు పడుతుంది. దాన్ని 3,600తో భాగిస్తే 1.36 మిల్లీమీటర్లు. ఇప్పుడు చంద్రుడి వైపు నుంచి చూద్దాం. దూరం 3,84,400 కిలోమీటర్లు, ఒక చుట్టుకు 27.3 రోజులు. సెకనుకు కిలోమీటరు పైచిలుకు వేగంతో పోతూ, నేరుగా పోవాల్సిన గీత నుంచి ఆ ఒక్క సెకనులో ఎంత వంగుతున్నాడో లెక్క కడితే, అదీ 1.36 మిల్లీమీటర్లే!

నీ పర్సులోంచి రెండు ఏటీఎం కార్డులు తీసి ఒకదాని మీద ఒకటి పెట్టు. ఆ మందం కన్నా కాస్త తక్కువ. ప్రతి సెకనూ చంద్రుడు మన వైపు అంత పడుతున్నాడు. పక్కకు కూడా పోతున్నాడు కాబట్టి ఎప్పటికీ మన మీద పడడు. అంతరిక్ష కేంద్రానిదీ అదే సంగతి, కాకపోతే బాగా దగ్గర్లో. భూమి ఉపరితలం ప్రతి 8 కిలోమీటర్లకు దాదాపు 5 మీటర్లు కిందికి వంగుతుంది. సెకనుకు 8 కిలోమీటర్లకు దగ్గరగా పరుగెత్తే వస్తువు ఎంత పడితే నేల కూడా అంత కిందికి తప్పుకుంటుంది.

1684లో హేలీ అనే ఖగోళ శాస్త్రవేత్త వచ్చి, దూరం వర్గాన్ని బట్టి తగ్గే బలం కింద గ్రహం ఏ దారిలో తిరుగుతుందని అడిగితే, దీర్ఘవృత్తంలో అని న్యూటన్ వెంటనే చెప్పాడు. 1687లో అచ్చయిన ఆయన పుస్తకంలో రాయి, చంద్రుడు, కుజుడు, సముద్రపు పోటు అన్నీ ఒకే సూత్రం కిందికి వచ్చాయి. అరిస్టాటిల్ దగ్గర ఉన్న పొందిక మళ్ళీ దొరికింది, ఈసారి భూమిని మధ్యలో పెట్టకుండానే. ఇక 1798లో కావెండిష్ ఒక్కొక్కటి 158 కిలోలుండే సీసపు గుండ్లు చిన్న గుండ్లను ఎంత లాగుతాయో కొలిచాడు. తన వల్ల గాలి కదలకూడదని గది బయట నిలబడి దూరదర్శినితో చూశాడు. దాన్నిబట్టి భూమి సాంద్రత నీటికి 5.48 రెట్లు అని తేల్చాడు. ఇవాళ్టి లెక్క 5.51. నీ కుర్చీ, నా కప్పు, మీ పాప కూడా అన్నిటినీ లాగుతూనే ఉన్నాయి, కాకపోతే తెలియనంత కొంచెం.

1907లో ఐన్‌స్టీన్‌కు తట్టిన ఆలోచన కూడా మనం మొదలుపెట్టిన చోటికే వస్తుంది. పడుతున్న మనిషికి తన బరువు తెలియదు. ఆ ఒక్క ముక్క పట్టుకుని ఆయన 1915 నాటికి ఎక్కడిదాకా వెళ్ళాడో ఇంకో ఉత్తరంలో రాస్తాను, ఇప్పుడు మొదలుపెడితే ఆగను.

పాపకు మాత్రం ఇవేవీ చెప్పకు. ఒక పేపర్ కప్పు తీసుకుని, అడుగున పక్కగా పెన్సిల్‌తో చిల్లు పొడిచి, వేలు అడ్డం పెట్టి నీళ్ళు పొయ్యి. కుర్చీ ఎక్కి నిలబడి వేలు తీస్తే ధార కారుతుంది. పాపను కింద ఉండి ఆ ధారనే చూడమను. ఇప్పుడు కప్పును వదిలెయ్. వదిలిన క్షణం నుంచి నేలకు తగిలేదాకా ధార ఆగిపోతుంది. భూమి లాగుతూనే ఉంది, కానీ నీళ్ళూ కప్పూ కలిసి పడుతున్నాయి కాబట్టి నీళ్ళు కప్పు మీద ఆనడం లేదు. నేను చేసినప్పుడు మొదటిసారి కన్ను పట్టుకోలేదు, ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి తీస్తే స్పష్టంగా కనబడింది. కింద బకెట్ పెట్టుకో.

ఆ వీడియో చూశాక పాప ఏమంటుందో నాకు చెప్పాలి. తను అన్న మాటలు అన్నట్టే రాయి, నువ్వు సరిదిద్దకు.

ఉంటానురా,
నీ స్నేహితుడు